‘హెవీ యూజర్’ అనే తోహ్మత్

కొన్ని మాటలు సుబూత్ లేకుండానే మనిషిని ముజ్రిమ్ చేసేస్తాయి. ‘హెవీ యూజర్’ అలాంటి మాట. ఇంటర్నెట్ కంపెనీ వాళ్లు ఫోన్‌లో ఈ మాట అనగానే ఇవతల ఉన్న మనిషి గొంతు తగ్గిపోతుంది. ‘అబ్బే, సినిమాలేం చూడమండీ, పిల్లల చదువుకేనండీ’ అంటూ సఫాయీ ఇచ్చుకోవడం మొదలుపెడతాడు. నెల మొదట్లోనే పూర్తి డబ్బు కట్టినవాడు సఫాయీ ఇవ్వడమేంటి? డబ్బు పుచ్చుకున్నవాడు కదా జవాబ్ చెప్పాల్సింది!

నా దావా సూటిగా చెప్పేస్తాను. ఇంట్లో నెట్ ఎక్కువ వాడటం గునాహ్ కాదు, నేరమూ కాదు. ‘అన్‌లిమిటెడ్’ అని పెద్దక్షరాలతో అమ్మి, హద్దును చిన్నక్షరాల్లో దాచి, ఆ హద్దు దాటిన రోజున మనల్ని పక్కింటి వాటా తిన్నవాళ్లలా చూడటం తప్పు. ఈ తప్పు దెబ్బ అందరికంటే ఎక్కువగా తగిలేది మనలాంటి పెద్ద కుటుంబాలకే. ఎందుకో లెక్కతో సహా చెప్తాను.

మేముండేది గుంటూరు బ్రాడీపేటలో. ఊరు తెలిసినవాళ్లకు వర్ణించనక్కర్లేదు. లైన్లు, అడ్డరోడ్లు, వాటి నిండా ట్యూషన్లు, హాస్టళ్లు, ఆస్పత్రులు. ఈ పేటలో గానీ, ఆనందపేటలో గానీ, ఓ మామూలు ముస్లిం ఇంట్లో నెట్ ఎవరెవరు వాడుతున్నారో ఒకసారి లెక్కేయండి. నీట్‌కు చదివే అమ్మాయికి రికార్డెడ్ క్లాసులు, మాక్ టెస్టులు. ఇంజినీరింగ్ చదివే అబ్బాయికి ల్యాప్‌టాప్. ఇంటి నుంచి పనిచేసే కొడుక్కో కోడలికో పొద్దంతా మీటింగులు. ఆన్‌లైన్‌లో తజ్వీద్ నేర్చుకునే భాబీ. రియాద్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న కొడుకు డ్యూటీ దిగాక చేసే వీడియో కాల్ కోసం కూర్చునే అమ్మీ. పైన అబ్బాకు వార్తలు, చిన్నవాళ్లకు కార్టూన్లు. ఇదంతా ఒకే రూటర్, ఒకే బిల్లు, ఒకే కస్టమర్ నంబర్ మీద.

రంజాన్ వస్తే వాడకం ఇంకా పెరుగుతుంది. మక్కా హరమ్ నుంచి తరావీహ్ లైవ్ మనకు రాత్రి పదకొండు దాటాక మొదలవుతుంది. సహరీ దాకా ఇల్లంతా మేలుకునే ఉంటుంది. పోయిన రంజాన్ ఆఖరి అష్రాలో మా ఇంటి లైను ఒక్కసారిగా కూలబడింది. మా భాంజీ మాక్ టెస్ట్ రాస్తుండగా పేజీ తిరగడం ఆగిపోయి, టైమ్ అయిపోయి, సగం పేపర్ దానంతటదే సబ్మిట్ అయిపోయింది. కస్టమర్ కేర్‌కు చేస్తే వచ్చిన జవాబ్: ‘సార్, మీ ఇంట్లో యూసేజ్ చాలా హెవీగా ఉంది.’ హద్దు ఎంత అని అడిగితే ఆ అంకె చెప్పించడానికి మూడు ఫోన్లు పట్టింది. ప్లాన్ అమ్మినప్పుడు మాత్రం ఒక్క ఫోన్‌లో పని అయిపోయింది. ఆ కంపెనీ పేరు రాయను. ఈ మర్జ్ ఒక్క కంపెనీది కాదు గనక.

అసలు ఆ హద్దు పేరు ‘ఫెయిర్ యూసేజ్ పాలసీ’, పొట్టిగా ఎఫ్‌యూపీ. తెలుగులో చెప్పాలంటే ‘న్యాయమైన వాడకం నియమం’. నెలలో ఇన్ని జీబీల దాకా ఫలానా వేగం ఇస్తారు. అది దాటితే వేగం కోసేస్తారు. లైను తెగిపోదు, బతికే ఉంటుంది. కానీ ఐసీయూలో ఉన్నట్టు ఉంటుంది. ఆ పేరులోనే ఓ చమత్కారం ఉంది చూడండి. హద్దు లోపల ఉంటే న్యాయం. మరి దాటినవాడు? పేరు పెట్టినప్పుడే మనం నాఇన్సాఫీ చేసినవాళ్లమని ఫైస్లా అయిపోయింది.

పెద్ద కంపెనీల అంకెలు చూద్దాం. బీఎస్ఎన్ఎల్ 2020 అక్టోబరులో తెచ్చిన 449 రూపాయల ఫైబర్ ప్లాన్‌లో 30 ఎంబీపీఎస్ వేగం 3,300 జీబీ దాకా, ఆ తర్వాత 2 ఎంబీపీఎస్. అదే ఏడాది జియో, ఎయిర్‌టెల్ కూడా అన్‌లిమిటెడ్ అని పెట్టిన ఫైబర్ ప్లాన్లకు ఈ 3,300 జీబీ హద్దే పెట్టుకున్నాయి. 3,300 జీబీ తక్కువేం కాదు. హెచ్‌డీ వీడియో గంటకు సుమారు 3 జీబీ అనుకుంటే 1,100 గంటలు. నెలకున్న గంటలే 720. ఒక్క టీవీ నెలంతా రాత్రింబగళ్లు ఆడినా ఆ హద్దు చేరదు. ఇన్సాఫ్‌గా మాట్లాడాలి కాబట్టి ఈ మాట ముందే చెప్తున్నాను.

ఇదే అంకెను ఇంకోవైపు తిప్పండి. 100 ఎంబీపీఎస్ లైనును పూర్తి వేగంతో ఆపకుండా వాడితే 3,300 జీబీ 73 గంటల్లో అయిపోతుంది. నెలలో మూడు రోజులు. అంటే ‘100 ఎంబీపీఎస్, అన్‌లిమిటెడ్’ అన్న రెండు మాటల్లో రెండోది మొదటిదాన్ని పట్టుకుని నిలబడలేదు. ఎవరూ అలా ఆపకుండా వాడరు, నిజమే. మరి ఎవరూ దాటని హద్దే అయితే దాన్ని పెద్దక్షరాల్లో రాయడానికి భయమెందుకు?

అసలు బాధ చిన్న ప్యాకుల దగ్గర ఉంది. నెలకు 200 జీబీ హద్దున్న ప్యాక్ అనుకోండి. హెచ్‌డీ లెక్కన 66 గంటలు. రోజుకు రెండు గంటల చొప్పున ఒక్క స్క్రీన్ చూస్తే నెల సరిపోతుంది. రెండో స్క్రీన్ వెలిగిందంటే నెల సగంలోనే మీరు ‘హెవీ’ అయిపోతారు. చిన్న ప్యాక్ ఎవరు తీసుకుంటారు? జేబు చిన్నదైనవాళ్లు. వాళ్ల ఇంట్లో మనుషులు ఎక్కువా తక్కువా? మీకే తెలుసు.

ఇక్కడే కొలత తప్పుతోంది. కంపెనీ కనెక్షన్‌ను లెక్కపెడుతుంది, మనుషులను లెక్కపెట్టదు. ఓ ఫ్లాట్‌లో మియాబీవీ ఇద్దరే ఉండి నెలకు 300 జీబీ వాడారనుకోండి. మనిషికి 150. మన ఇంట్లో ఎనిమిది మంది కలిసి 400 వాడారు. మనిషికి 50. పొదుపుగా వాడింది ఎవరు? మనం. ‘హెవీ యూజర్’ అని ఎస్సెమ్మెస్ వచ్చింది ఎవరికి? మనకే. అమ్మీఅబ్బాను విడిచిపెట్టకుండా, అన్నదమ్ములు ఒకే చూరు కింద కలిసి ఉండటమే ఈ కాటా మీద నేరంగా తేలుతోంది. జాయింట్ ఫ్యామిలీకి వేసిన జుర్మానా ఇది. కలిసుంటే కలదు సుఖం అని తెలుగులో సామెత ఉంది. కలిసుంటే ఎఫ్‌యూపీ అని కంపెనీవాళ్లు దాన్ని దిద్దారు.

తక్కువ ధర, తక్కువ డేటా అంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. ముందే చెప్పి అమ్మితే అది సౌదా. 2017 డిసెంబర్ 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మన పక్కనే అమరావతిలో ఏపీ ఫైబర్‌నెట్‌ను జాతికి అంకితం చేశారు. కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగి, నెలకు 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ నెట్, టీవీ చానళ్లు, ఫోన్ ఇస్తామన్నారు. దానికీ డేటా హద్దు ఉంది. ఆ ధరకు హద్దు ఉండటం వింతేమీ కాదు. నా గొడవ హద్దుతో కాదు, హద్దును దాచే జబానుతో.

గుంటూరు వాళ్లకు ఈ సంగతి మిర్చి యార్డు భాషలో చెప్తే ఇంకా బాగా తెలుస్తుంది. పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి రైతు టిక్కీలు దింపుతాడు. కాటా వేస్తారు. తరుగు పేరుతో అడిగినదానికంటే ఓ కిలో ఎక్కువ కోస్తే రైతు ఊరుకుంటాడా? కాటా దగ్గర నిలబడి ముల్లు చూస్తాడు, గొడవపడతాడు, పేపర్లో వార్త వస్తుంది. కూరగాయల బండి మీద రాయి తేడా ఉందని అనుమానం వస్తే తూనికలు కొలతల శాఖ ఉంది, 2009 నాటి చట్టం ఉంది. బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా లోపల ఎన్ని గ్రాములో ముద్రించాల్సిందే. మరి నెలనెలా వందల రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కట్టి కొనే ఈ సరుకుకు కాటా ఎవరి చేతిలో ఉంది? అమ్మేవాడి చేతిలోనే. ఎన్ని జీబీలు వాడామో చెప్పేది వాడే. వేగం ఎప్పుడు కోయాలో తేల్చేది వాడే. మనం ముల్లు చూడటానికి కూడా వీల్లేదు.

నేను ఆలిమ్‌ని కాను, ఫత్వా ఇవ్వడం లేదు. కానీ మన దీన్ నాప్‌తోల్ విషయంలో ఎంత సఖ్త్‌గా ఉందో మక్తబ్‌లో చదివిన పిల్లవాడికి కూడా తెలుసు. కొలతల్లో మోసం చేసేవాళ్ల పేరు మీద ఖురాన్‌లో ఒక పూర్తి సూరానే ఉంది, 83వ సూరా, అల్ ముతఫ్ఫిఫీన్. తమకు రావాల్సినప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇవ్వాల్సినప్పుడు తగ్గించే మనుషుల గురించి అది. ఫిఖ్హ్‌లో ‘గరర్’ అనే మాట కూడా ఉంది. కొనేవాడికి ఏం కొంటున్నాడో, ఎంత కొంటున్నాడో తెలియని సౌదా. నీళ్లలో ఉన్న చేపను, గాలిలో ఉన్న పిట్టను అమ్మడం దానికి పాత మిసాల్. ‘అప్‌టు 100 ఎంబీపీఎస్, అన్‌లిమిటెడ్, షరతులు వర్తిస్తాయి’ అన్నది ఈ కాలపు చేప. తరాజు గురించి మన మస్జిదుల్లో బయానులు వింటున్నాం. ఆ తరాజులో రూటర్‌ను కూడా పెట్టి చూడమంటున్నాను.

కంపెనీల తరఫున చెప్పే బలమైన దలీల్ ఒకటుంది. దాన్ని దాటేసి పోవడం బేఈమానీ అవుతుంది. ‘లైను అందరిదీ. నువ్వు ఎక్కువ లాగితే పక్కింటివాడికి తగ్గుతుంది. పొరుగువాడి హఖ్ గురించి మీకు చెప్పాలా?’ అంటారు. మాట వినడానికి బాగుంది. లైను ఎలా పనిచేస్తుందో చూస్తే ఎంత నిజమో తేలుతుంది.

ఇళ్లకు ఫైబర్ ఇచ్చే జీపాన్ పద్ధతిలో ఒక పోర్టు నుంచి దిగే మొత్తం వేగం సుమారు 2.5 గిగాబిట్లు. దాన్ని స్ప్లిటర్లతో 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. 64 ఇళ్లకు తలా 100 ఎంబీపీఎస్ అమ్మితే అమ్మిన మొత్తం 6.4 గిగాబిట్లు. ఉన్నది 2.5. ఇందులో దగా ఉందని నేననను. వలీమాకు వెయ్యి కార్డులు పంచినవాడు వెయ్యి మందికీ ఒకేసారి దస్తర్‌ఖాన్ పరచడు. ఒకరు ముందు వస్తారు, ఒకరు వెనక వస్తారు, కొందరు రారు. ఆ అందాజా మీదే దేగులు ఎక్కిస్తాడు. అందరూ ఒకేసారి వచ్చి బిర్యానీ తక్కువైతే ఆ ఇంటి పెద్ద సిగ్గుపడి ఇంకో దేగు ఎక్కించే ఏర్పాటు చూస్తాడు. కూర్చుని తింటున్న మెహ్‌మాన్ దగ్గరికెళ్లి ‘నువ్వు హెవీ ఈటర్‌వి, నీవల్లే తక్కువైంది’ అనడు. పైగా ఇక్కడ మనం మెహ్‌మాన్‌లం కూడా కాము, ప్లేటుకు డబ్బు కట్టి కూర్చున్నవాళ్లం.

ఇంకో ముఖ్యమైన సంగతి. లైను ఇరుకయ్యేది ఎప్పుడు? రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా, అందరూ ఒకేసారి కూర్చున్నప్పుడు. సహరీకి ముందు తెల్లవారుజామున మూడింటికి లైను ఖాళీ. ఆ టైమ్‌లో ఎవరైనా యాభై జీబీలు దించుకున్నా పక్కింటివాడికి పోయేదేమీ లేదు, వాడు నిద్రలో ఉన్నాడు. కానీ నెలవారీ హద్దు ఆ యాభై జీబీలనూ, రాత్రి తొమ్మిదింటి యాభై జీబీలనూ ఒకే కాటాలో వేస్తుంది. హద్దు దాటినవాడికి మధ్యాహ్నం ఖాళీ లైనులో కూడా వేగం కోసేస్తుంది. పొరుగువాడి హఖ్ కాపాడే ఉపాయమైతే రద్దీ ఉన్నప్పుడు, రద్దీ ఉన్న చోట, రద్దీ ఉన్నంతసేపు పనిచేయాలి. నెలంతా, చోటూ వేళా చూడకుండా కోస్తే అది ట్రాఫిక్ నియంత్రణ అవ్వదు. పెద్ద ప్యాక్ కొనిపించడానికి వేసిన కంచె అవుతుంది. కంచె వేసుకోండి, తిజారత్ మీది. దానికి ‘పొరుగువాడి హఖ్’ అని ముసుగు వేయకండి.

అమెరికా తజ్రిబా చూడండి. కామ్‌కాస్ట్ అనే పెద్ద కంపెనీ బిట్‌టొరెంట్ వాడేవాళ్ల కనెక్షన్లను గుట్టుగా అడ్డుకుంటోందని 2007లో బయటపడింది. 2008 ఆగస్టులో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ దాన్ని తప్పుపట్టింది. అదే అక్టోబరు నుంచి ఆ కంపెనీ ఇళ్లకు నెలకు 250 జీబీ హద్దు పెట్టింది. ఎఫ్‌సీసీకి అలా ఆదేశించే అధికారం లేదని 2010లో కోర్టు తేల్చింది, అది వేరే కథ. పన్నెండేళ్లు గడిచాక 2020 మార్చిలో కరోనా వచ్చింది. పిల్లలు, పెద్దలు, ఆఫీసులు అన్నీ ఇంటి లైను మీద పడ్డాయి. రద్దీ పేరు చెప్పి హద్దులు పెట్టాలంటే అంతకు మించిన రోజులు ఉండవు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ కంపెనీ కొన్ని నెలలపాటు హద్దులు ఎత్తేసింది. లైన్లు కూలిపోలేదు. హద్దు లేకపోతే ఖయామత్ వస్తుందన్న మాట ఆ నెలల్లోనే తేలిపోయింది.

మన దేశంలో అదే మార్చిలో ఏం చేశారు? మొబైల్ నెట్‌వర్కుల మీద బరువు తగ్గించడానికి వీడియో కంపెనీలు తామే కూర్చుని మాట్లాడుకుని, ఫోన్లలో హెచ్‌డీ ఆపి మామూలు క్వాలిటీకి దిగాయి. బరువు ఎక్కడుందో అక్కడ, బరువున్నన్నాళ్లు, అందరికీ చెప్పి చేశారు. ఎవర్నీ వేలెత్తి చూపలేదు. ట్రాఫిక్ నియంత్రణ అంటే అదీ.

ఇక ఖానూన్ ఏమంటోంది? ఎఫ్‌యూపీ పెట్టడమే చట్టవిరుద్ధం అని కొందరు వాట్సాప్‌లో పంపుతుంటారు. నమ్మకండి. హద్దు పెట్టడం చెల్లుతుంది. దాచడం చెల్లదు. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ విషయంలో 2012లో ఆదేశాలిచ్చింది, 2016 అక్టోబరులో మళ్లీ ఇచ్చింది. ఎన్ని జీబీల దాకా ఏ వేగం, దాటాక ఏ వేగం అన్నది కంపెనీ తన వెబ్‌సైట్‌లోనూ ప్రకటనల్లోనూ తేటగా చెప్పాలి. హద్దు దగ్గరపడుతుంటే వినియోగదారుడికి ఖబర్ చేయాలి. హద్దు దాటాక కూడా ఇంటి బ్రాడ్‌బ్యాండ్ వేగం 512 కేబీపీఎస్ కంటే కిందికి దించకూడదు.

ఈ 512లో ఓ తమాషా ఉంది. మన ప్రభుత్వం 2004లో 256 కేబీపీఎస్‌ను బ్రాడ్‌బ్యాండ్ అంది. 2013లో 512 అంది. 2023 జనవరిలో దాన్ని 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. అంటే ఇవాళ ప్రభుత్వం లెక్కలోనే 2 ఎంబీపీఎస్ కంటే తక్కువున్నది బ్రాడ్‌బ్యాండే కాదు. అలాంటప్పుడు హద్దు దాటిన ఇంటికి 512 కేబీపీఎస్సో 1 ఎంబీపీఎస్సో వదిలి, బిల్లు మీద మాత్రం ‘బ్రాడ్‌బ్యాండ్’ అని రాసి పూర్తి డబ్బు తీసుకోవడం ఏం ఇన్సాఫ్? 512 వేగంతో 5 జీబీల పాఠాలు దించాలంటే దాదాపు 22 గంటలు పడుతుంది. ఒక రోజా, ఒక తరావీహ్, ఒక సహరీ గడిచిపోతాయి. నిర్వచనం మారినప్పుడు కనీస వేగం కూడా దానితోపాటు మారాలి కదా!

నెట్ న్యూట్రాలిటీ గురించి కూడా ఒక మాట. 2015లో లక్షలాది మంది ట్రాయ్‌కు మెయిళ్లు పంపి పోరాడారు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఒక్కో సైటుకు ఒక్కో రేటు పెట్టకుండా నిషేధించింది. 2018లో కేంద్రం ఇంకో అడుగు వేసి, ఏ కంటెంట్‌నూ వేరుగా చూసి ఆపకూడదు, నెమ్మది చేయకూడదు అన్న సూత్రానికి ఒప్పుకుంది. రద్దీ కోసం చేసే నియంత్రణకు వెసులుబాటు ఉంది. కానీ అది అవసరానికి తగినంతే, అవసరమున్నంతసేపే, అందరికీ తెలిసేలా ఉండాలి. ఈ మూడు కొలతలూ మన కాలనీ లైను మీద పెట్టి చూడమని అడగడం మన హఖ్.

ఇప్పుడు మనవాళ్లలోని ఓ ఆలోచన గురించి. నమాజ్ అయ్యాక మస్జిద్ మెట్ల మీద నెట్ మాట ఎత్తితే చాలు, ఎవరో ఒక బుజుర్గ్ అంటారు: ‘నెట్ ధీమా హువా తో అచ్ఛాచ్ హై మియా, బచ్చే ఖురాన్ తో ఖోల్తే.’ నెట్ నెమ్మదిస్తే మంచిదే, పిల్లలు ఖురానైనా తెరుస్తారని. నెట్ అంతా ఫిత్నా అని, తగ్గితే బర్కత్ అని.

పెద్దలంటే అదబ్ ఉంది. కానీ ఈ మాట ఒప్పుకోను. పిల్లవాడు రాత్రంతా గేములు ఆడుతుంటే ఆపాల్సింది తల్లిదండ్రులు, తర్బియత్‌తో. మన పిల్లల తర్బియత్‌ను కంపెనీ సర్వర్‌కు ఎప్పుడు అప్పగించాం? పైగా వేగం కోసేటప్పుడు ఆ సర్వర్ గేమునూ తఫ్సీర్ క్లాసునూ వేరు చేయదు. ఫిత్నాతోపాటు ఇల్మ్ కూడా ఆగుతుంది. నిజానికి ఇల్మే ముందు ఆగుతుంది. రీల్స్ చూసేవాడు మొబైల్ డేటాలో చూసుకుంటాడు. పెద్ద స్క్రీన్ మీద మూడు గంటల క్లాసు వినే అమ్మాయికి మాత్రం ఇంటి లైను తప్ప వేరే దారి లేదు. మన ఇళ్లలో చాలామంది ఆడపిల్లలకు సాయంత్రం కోచింగ్‌కు వెళ్లే ఇజాజత్ ఉండదు. వాళ్లకు ఆ రూటరే కాలేజీ, అదే లైబ్రరీ. దాని వేగం కోస్తే కోసింది వాళ్ల చదువునే.

ఈ మాట కేరళలో ఓ ముస్లిం అమ్మాయి హైకోర్టు దాకా తీసుకెళ్లింది. కోళికోడ్ జిల్లాలో డిగ్రీ చదువుతున్న ఫహీమా షిరిన్ ఉండే హాస్టల్లో సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఫోన్ వాడొద్దన్నారు. ఆమె ఒప్పుకోలేదు, హాస్టల్ నుంచి పంపేశారు. తండ్రి అండతో కోర్టుకెళ్లింది. 2019 సెప్టెంబర్ 19న కేరళ హైకోర్టు, ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులో, ప్రైవసీ హక్కులో భాగమని చెప్పి ఆమెను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు కంపెనీల ఎఫ్‌యూపీ మీద ఇచ్చింది కాదు. కానీ ‘నెట్ అంటే టైంపాస్’ అనే ఖయాల్‌కు అది ఇచ్చిన జవాబ్ మన మస్జిద్ మెట్ల దాకా చేరాలి. చదువుకోసం నెట్ అడిగిన ఆ అమ్మాయిని కూడా ఎవరో ఒకరు ‘ఎక్కువ వాడుతోంది’ అనే అన్నారు.

ఇస్రాఫ్ సంగతి వేరు. ఎవరూ చూడని గదిలో టీవీ ఆడటం, నల్లా విప్పి వదిలేయడం లాంటిదే. దాన్ని ఆపాలి. అలాగే ఇంటి ప్లాన్ తీసుకుని దాన్ని పక్క హాస్టల్‌కు నెలకింత అని అమ్ముకోవడం వాదా ఖిలాఫీ. మనం సంతకం చేసిన షరతు అది. కంపెనీని అమానత్ అడిగేవాళ్లం మన వైపు అమానత్ కాపాడాలి. పెద్ద ఫైళ్లు, ఫోటోల బ్యాకప్‌లు రాత్రి పడుకున్నాక పెట్టుకుంటే పొరుగువాడికి నిజంగా మేలు. ఇవి హద్దుకు భయపడి కాదు, అఖ్లాఖ్ కోసం చేయాలి.

మరి చేయాల్సిందేంటి? కొత్త కనెక్షన్ తీసుకునే ముందు నాలుగు సవాళ్లు అడగండి. హద్దు ఎన్ని జీబీలు? దాటాక వేగం ఎంత? అప్‌లోడ్ కూడా లెక్కలోకి వస్తుందా? వాడకం మనం ఎక్కడ చూసుకోవచ్చు? జవాబులు నోటిమాటగా ఒప్పుకోకండి. కేబుల్ అబ్బాయితోనే వాట్సాప్‌లో రాయించుకుని దాచుకోండి. పాపం, అతను మీ శత్రువు కాడు, అతనికీ పైనుంచి ఎవరూ చెప్పరు.

లైను తగ్గితే ఊరికే తిట్టుకుని వదిలేయకండి. స్పీడ్ టెస్ట్ ఫోటోలు తేదీ, టైముతో తీయండి. ఫిర్యాదు చేసి డాకెట్ నంబర్ తీసుకోండి. తేలకపోతే ప్రతి కంపెనీలో అప్పీల్ వినే అధికారి ఉంటారు, అక్కడికి వెళ్లండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, మన గుంటూరులోనూ ఉంది. టెలికం కేసులు వినియోగదారుల కమిషన్లలో నడవవని కంపెనీలు ఏళ్ల తరబడి వాదించాయి. 2022 ఫిబ్రవరి 16న వొడాఫోన్ ఐడియా కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. మీరు కొన్న సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే కమిషన్‌లో ఫీజు కూడా లేదు. మన ఇంటి బిల్లు ఎన్నేళ్లు కట్టినా ఆ అంకె చేరదు.

అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు. హద్దు ఉన్న ప్లాన్ మీద ‘అన్‌లిమిటెడ్’ అనే మాట ఉండకూడదు. ఉంటే అదే సైజు అక్షరాల్లో పక్కనే జీబీల అంకె ఉండాలి. హద్దు దాటాక మిగిలే వేగం ప్రభుత్వం చెప్పిన 2 ఎంబీపీఎస్ కంటే తగ్గకూడదు. రద్దీ లేని వేళల్లో వాడినది హద్దులో లెక్కపెట్టకూడదు. ఇంట్లో ఎంతమంది ఉన్నా మనిషి లెక్కన న్యాయంగా పడే కుటుంబ ప్లాన్ ఒకటి ఉండాలి. రేషన్ కార్డులో మనుషులను లెక్కపెట్టే దేశం మనది, రూటర్ దగ్గర లెక్కపెట్టలేదా?

ఈ నాలుగూ వచ్చేదాకా ఎవరైనా ఫోన్‌లో ‘మీరు హెవీ యూజర్’ అంటే సఫాయీ ఇవ్వకండి. గొంతు తగ్గించకండి. ‘మా ఇంట్లో ఎంతమందిమి ఉన్నామో తెలుసా? మీరు అమ్మింది ఏమిటో రాసి పంపండి’ అని అడగండి. కొన్నవాడు కాటా చూపించమంటే అమ్మినవాడికి కోపం రాకూడదు. వచ్చిందంటే కాటాలో ఏదో ఉందనే.